మా వాడు జారు కడిగిన రోజు

మా కోడలికి ఇవాళ పదిమందిలో పేరుందంటే దానికి మూలపురుషుణ్ణి నేనే. ఆమె పరీక్షించి గెలిచిన ఆకు నేను కనిపెట్టింది. ఊళ్లో ఉన్న రోజుల్లో నేను ఆ ఆకు పసరు పిండితే మానని గాయం లేదు. ఒకసారి తలుపు సందులో పడి తెగిన బల్లి తోకకు రాశాను. తోక అతుక్కోవడమే కాదు, ఆ బల్లి గోడ మీద సగం దాకా పాకి, వెనక్కి తిరిగి, నాకొక దణ్ణం పెట్టి మరీ వెళ్లింది. చూసిన సాక్షులు ఇద్దరు. ఒకడు కాలం చేశాడు. రెండోది బల్లి.

అయినా ఈ కథ నాది కాదు, మా కోడలిది. ఆమె మనసులో మాటలు మామగారికి ఎలా తెలిశాయని అడుగుతారు మీరు. గిన్నెలు తోమేటప్పుడు ఆమె తనలో తాను మాట్లాడుకుంటుంది. నేను వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంటాను. నాకు చెవుడని ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను చాలా కష్టపడి పెంచి పోషించాను, ఎందుకంటే చెవిటివాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు. ఒకరోజు ఆమె నా వెనక నిలబడి, "మావయ్యా, కాఫీ తాగుతారా?" అని గుసగుసగా అడిగింది. "చక్కెర కాస్త ఎక్కువ వెయ్యమ్మా" అనేశాను. అలా దొరికిపోయాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ రోజు నుంచి నాకు చెప్పాలనుకున్నవన్నీ సింకుకు చెబుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తుంది. నాటు వైద్యంలో వాడే మొక్కల రసాలు తీసి, అవి రోగాలు తెచ్చే బ్యాక్టీరియాను ఆపగలవో లేదో చూడటం ఆమె పని. నాకు అర్థమైనట్టు చెబుతాను. మూత ఉన్న చిన్న గాజు పళ్లెంలో గంజి లాంటిదేదో పోసి గడ్డకట్టిస్తారు. దాని మీద బ్యాక్టీరియాను నారు పోసినట్టు పరుస్తారు. మధ్యలో ఆకు రసంలో నానబెట్టిన చిన్న కాగితపు బిళ్ళ పెడతారు. వెచ్చగా ఉండే పెట్టెలో ఒక రాత్రి ఉంచితే, తెల్లారేసరికి పళ్లెమంతా పొగమంచు పట్టినట్టు బ్యాక్టీరియా మొలుస్తుంది. రసంలో సత్తా ఉంటే బిళ్ళ చుట్టూ మాత్రం ఏమీ మొలవదు, అద్దంలా ఖాళీగా ఒక వలయం మిగులుతుంది. నారు పోసి, అది మొలవని జాగా కోసం ఎదురుచూసే వ్యవసాయం నా జన్మలో ఇదొక్కటే చూశాను.

ఎన్నో మొక్కలు పరీక్షించింది. బిళ్ళ అంచుదాకా దట్టంగా మొలిచేది, వలయం లేదు. ఇంటికొచ్చి కొంగు దోపుకుని సింకు దగ్గర నిలబడేది.

"పొద్దున్నే లేచి ఇక్కడ గిన్నెలు, బస్సెక్కి వెళ్లి అక్కడ గాజు గొట్టాలు. ఇక్కడ పీచు, అక్కడ బ్రష్షు. ఇక్కడ ఆయన 'ఏమిటింత ఆలస్యం' అంటారు, అక్కడ సారు 'ఇంత ఆలస్యమేమిటి' అంటారు. మాట ఒక్కటే, వరస మార్చి వాడుకుంటారు. నాతోపాటు చేరిన అబ్బాయి ఒక్కరోజు సీసాలు కడిగితే 'అయ్యో, వాడెందుకు కడుగుతున్నాడు పాపం' అని సారు గదిలోంచి లేచి వచ్చారు. నేను రోజూ కడుగుతున్నాను. గాలి వీస్తే ఎవరైనా గమనిస్తారా? అలాగే ఇదీ. గెస్టులొస్తే టీ ఎవరు పట్టుకెళ్లాలి? నేను. ఎందుకు సార్ అంటే 'నువ్వయితే బాగుంటుంది' అంటారు. ఏం బాగుంటుంది? టీయా, నేనా? వలయం రాలేదని చెబితే ఆయనేమో టీవీలోంచి మొహం తిప్పకుండానే 'గడ్డీ గాదం ఉడకబెట్టడానికి అంత చదువెందుకోయ్, మా అమ్మ ఏ డిగ్రీ లేకుండానే కషాయం కాచేది' అంటారు. అత్తయ్యకు డిగ్రీ లేకపోవడం ఆవిడ గొప్పా? చదివించనివాళ్ల గొప్పా? ఈ మూకుడు మాడు వదలదేం రా దేవుడా!"

చివరిమాట మూకుడుకు. మిగతావన్నీ నాకు. "ఆయన" అంటే మా వాడేనని వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. "అమ్మాయ్, నా దగ్గరొక ఆకుంది" అన్నాను. బల్లి కథ చెప్పాను. బల్లి సంగతి పక్కన పెట్టి, "ఆకు చూపించండి మావయ్యా" అంది. మా వీధి చివర బస్సులు ఆగే షెడ్డు వెనక కంచె వెంట పెరుగుతుంది అది. మా ఇంట్లో దాన్ని గాటాకు అనేవాళ్లం. చాకు గాటు పడితే దాని పసరే. ఒక సంచీ నిండా కోసుకొచ్చింది. ఆ ఆకు కంపు చెప్పనలవి కాదు, తడిసిన గొంగడి కాలినట్టుంటుంది.

ఆ వారంలోనే సారు ఆమెను పిలిచాడట. "కమిటీ వస్తోందమ్మా. ఈసారి కూడా చూపించడానికి ఏమీ లేకపోతే ఈ పని ఆపేస్తారు. నీ సీటు ఆ అబ్బాయికి వెళుతుంది. నువ్వు స్టోరు చూసుకుందువుగాని. పెందలాడే ఇంటికి పోవచ్చు, నీకూ సుఖం" అన్నాడట. వెళ్లగొట్టడాన్ని కూడా పంచదారలో దొర్లించి ఇచ్చాడు మహానుభావుడు. ఇంట్లో చెబితే మా వాడు, "మంచిదే కదా, స్టోరులో కూర్చోవడమేగా, నడుం నొప్పి ఉండదు" అన్నాడు. నడుం నొప్పి అన్నందుకు ఆమె పొంగిపోవాలన్నట్టు ఆగి చూశాడు కూడా. ఆమె పొంగలేదు. గాటాకు ఆఖరి ఆశ.

పచ్చి ఆకును నూరి రసం తీయాలి. ల్యాబులో మిక్సీ పాడై మూలపడింది. కొత్తది కావాలని ఆమె అడిగిన ప్రతిసారీ "చూద్దాం" అనే మాటే వచ్చింది. అందుకని ఇంటి మిక్సీలోనే నూరి పట్టుకెళ్లాలనుకుంది. మామూలుగా అయితే ఆమె మిక్సీ జారును విప్పి, వేడినీళ్లలో మరిగించి, ఆరబెట్టి, అప్పుడు గానీ ముట్టుకోదు. ఆ రోజు పొద్దున్న కుక్కరు కూసింది, పాలు పొంగాయి, నా కళ్లజోడు కనిపించలేదు. అది నా నెత్తి మీదే ఉందనుకోండి. ఆ హడావిడిలో మా వాడు వంటింట్లోంచి తల బయటపెట్టి ఒక మాటన్నాడు.

"జారు నేను కడిగేశాను. వాడుకో."

కుక్కరు కూడా కూత మధ్యలో ఆపిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. పెళ్లయ్యాక మా వాడు ఒక గిన్నె కడగడం అదే మొదలు. ఆమె చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "మీరా? కడిగారా? థాంక్సండీ" అంది. కళ్లలో నీళ్లొకటే తక్కువ. జారందుకుని, ఆకు వేసి, నూరి, సీసాలో పోసుకుని బస్సుకు పరుగెత్తింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. ల్యాబులోంచి ఆమె. రొప్పుతోంది.

"మావయ్యా! వచ్చింది!"

"ఎవరొచ్చారమ్మా?"

"వలయం! వలయం వచ్చింది మావయ్యా! ఇంతది! మూత తియ్యకుండానే కనిపిస్తోంది. నాలుగు రకాల బ్యాక్టీరియా పెడితే నాలుగింటికీ వచ్చింది. బిళ్ళ చుట్టూ ఎంత ఖాళీ ఉందంటే... నేను ఇంక్యుబేటర్ తలుపు మూయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, మీకే ముందు!"

నేను చెవుడు సంగతి మరిచి వీధిలోకి పరుగెత్తాను. మంగలి షాపులో చెప్పాను. ఇస్త్రీ బండి దగ్గర చెప్పాను. ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చేసరికి వలయం సైకిలు చక్రమంత అయింది. సాయంత్రం మా వాడు కాలర్ సర్దుకుంటూ, "మరి జారు కడిగిందెవరు?" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో అప్పటికి మాకెవరికీ తెలియదు.

ల్యాబులో సారు ఆ పళ్లేనికి ఫోటోలు తీసి, పెద్దవి చేయించి, "మా ల్యాబ్ సాధించినది" అని రాయించాడు. "కమిటీ ముందు నేను చెబుతాను. పెద్ద మేడమ్ వస్తున్నారు, టీలు మాత్రం నువ్వే చూసుకో. నువ్వయితే బాగుంటుంది" అన్నాడట. మా కోడలు ఆ మాటకు కూడా పెద్దగా బాధపడలేదు. వలయం చూసిన మనిషి ఇంకెక్కడో తేలుతోంది. కూర తరుగుతూ పాడేది. ఆ పాటకు రాగం లేదు, ఉత్సాహం ఉంది.

కానీ ఒకసారి వచ్చిందాన్ని మళ్లీ మళ్లీ రాబట్టాలి, అప్పుడే అది నిజం. వాళ్ల పనిలో అది నియమం. నా కథలకు ఆ నియమం లేకపోవడం నా అదృష్టం. ఆమె మళ్లీ ఆకు కోసింది. ఈసారి పక్క ల్యాబులో రోలు అడిగి తెచ్చి, అందులో నూరింది. తెల్లారి చూస్తే పెద్ద వలయం లేదు. మూడు పళ్లాల్లో ఏమీ లేదు. నాలుగోదాంట్లో మాత్రం బిళ్ళ చుట్టూ గోరంచు అంత సన్నటి ఖాళీ. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. సారుకు చెబితే, "మొదటిది చాలమ్మా. మళ్లీ మళ్లీ కెలక్కు" అన్నాడు.

ఆమె పాట ఆగిపోయింది. "ఎక్కడ తప్పు చేశాను? అదే కంచె, అదే ఆకు, అదే నీళ్లు. నా చేతుల్లో ఏదైనా ఉందా?" అని సింకును అడిగేది. సింకు చెప్పలేదు. నాకు తెలిస్తేగా నేను చెప్పడానికి.

ఆదివారం పొద్దున్న మా వాడు మళ్లీ వంటింట్లో చేరాడు. రోజూ వెల్లుల్లి ముద్ద మింగితే కొలెస్ట్రాల్ కరుగుతుందని ఆఫీసులో ఎవరో చెప్పారట, అప్పుడప్పుడూ ఆ పిచ్చి రేగుతోంది. పొట్టు ఒలిచి, జారులో వేసి, గర్రుమనిపించాడు. ముద్దను చెంచాతో తీసుకున్నాడు. కుళాయి తిప్పి, జారులో ఇన్ని నీళ్లు పోసి, ఒకసారి గిరగిరా తిప్పి, పారబోసి, బోర్లించాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ, "ఇదిగో, ఇవాళ కూడా కడిగేశానోయ్" అన్నాడు.

ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. చీపురు చేతిలో ఉంది. చీపురును నా ఒళ్లో పెట్టింది. నేరుగా వెళ్లి జారు తీసుకుంది. కింద మర తిప్పి, బ్లేడు పట్టుకుని లాగి, దాని అడుగున ఉండే రబ్బరు రింగును గోటితో పైకి తీసింది. ఆ రింగు కింద ఒక గుంట ఉంటుంది. రోజూ కడిగేవాళ్లకు తప్ప ఆ గుంట ఉందని ఎవరికీ తెలియదు. వేలు పెట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మావయ్యా" అంది. "వెల్లుల్లి."

గుక్క తిప్పుకోకుండా నవ్వింది. నవ్వుతూనే నేల మీద కూలబడింది. మా వాడు బిక్కమొహం వేసుకుని, "ఏమైంది? నేనేం చేశాను? కడిగానుగా!" అన్నాడు.

"కడిగారండీ, కడిగారు. అందుకే వచ్చింది."

వెల్లుల్లికి బ్యాక్టీరియాను ఆపే గుణముందని ఆమె పుస్తకాల్లో ఎప్పుడో రాసుంది. గాటాకు కంపులో వెల్లుల్లి వాసన మునిగిపోయింది. ఆ సాయంత్రం సింకు దగ్గర ఆమె మాట్లాడిన మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. నా జీవితంలో ఒక్క అక్షరం మార్చకుండా రాసింది ఇదొక్కటే.

"నాకు తెలియదా? ఆకు కంపు వెల్లుల్లి వాసనను కప్పేస్తే మాత్రం? జారును మరిగించకుండా వాడకూడదని నాకు తెలియదా? ఆ అబ్బాయి కడిగిచ్చిన సీసానైనా మళ్లీ కడిగి గానీ వాడను నేను. మరి ఆ రోజు ఎందుకు వాడాను? ఆయన కడిగారని. ఇన్నేళ్లకు ఒక్కసారి ఆయన కడిగారని నా ఒళ్లు పులకరించి, తిప్పి చూస్తే ఆయన నొచ్చుకుంటారేమోనని, విప్పి చూడకుండా వాడాను. ఎంత కరువు పట్టి ఉన్నాను నేను! గుక్కెడు నీళ్లు పోసి తిప్పితే చాలు, థాంక్స్ చెప్పాను. నాకెవరైనా చెప్పారా ఎప్పుడైనా, ఈ రబ్బరు రింగు తీసి రోజూ కడుగుతున్నందుకు? చదువు తప్పలేదు, చెయ్యి తప్పలేదు. ఆ ఒక్క థాంక్స్ దగ్గర తప్పాను."

ఏడుస్తుందేమో అనుకున్నాను. గిన్నె బోర్లించి నా వైపు తిరిగింది. కళ్లు దీపాల్లా ఉన్నాయి.

"కానీ మావయ్యా, ఆ గోరంచు! రోలులో నూరినప్పుడు వచ్చింది చూడండి, ఆ సన్నటిది. రోలులో వెల్లుల్లి లేదు. రెండుసార్లూ ఆ ఒక్క బ్యాక్టీరియా దగ్గరే వచ్చింది. అంటే అది ఆకుదే! ఇన్నాళ్లూ పెద్దదాని వెంటపడి దాన్ని చూడనే లేదు!"

మర్నాడు ఆమె ఆ జారును కడగకుండా అలాగే సంచిలో వేసుకుని ల్యాబుకు వెళ్లింది. అందులో మా వాడి పద్ధతిలో గుక్కెడు నీళ్లు తిప్పి, ఆకేమీ లేకుండా ఆ నీళ్లలోనే ఒక బిళ్ళ ముంచింది. ఇంకొక బిళ్ళ రోలులో నూరిన ఆకు రసంలో. ఇంకొకటి ఉత్త నీళ్లలో. తెల్లారేసరికి జారు నీళ్లకు పెద్ద వలయం. ఉత్త నీళ్లకు ఏమీ లేదు. ఆకుకు గోరంచు. మళ్లీ చేసింది, మళ్లీ గోరంచు. కమిటీ వచ్చేలోపు ఎన్నిసార్లు చేసినా గోరంచు చెక్కుచెదరలేదు.

సారుకు అన్నీ చూపించింది. ఆయన తలుపు దగ్గరికి వేశాడు. "ఇప్పుడెందుకమ్మా ఈ గొడవ? ఫోటోలు పెట్టేశాం. కమిటీ వెళ్లాక నెమ్మదిగా చూసుకుందాం. నీ సీటు కూడా దక్కుతుంది కదా. నోరు విప్పకు" అన్నాడు. ఆమె పళ్లాలు తీసుకుని బయటికొచ్చింది.

కమిటీ వచ్చింది. పెద్ద హాలు, పొడుగాటి బల్ల. తలనెరిసిన పెద్ద మేడమ్ మధ్యలో కూర్చుంది. గోడ మీద పెద్ద వలయం ఫోటో వెలుగుతోంది. సారు గొంతు సవరించుకుంటున్నాడు. మా కోడలు టీ ట్రేతో లోపలికి వచ్చింది. బల్ల దగ్గరికి కాదు, నేరుగా సారు దగ్గరికి నడిచింది.

"సార్, ఒక్క నిమిషం ఇది పట్టుకోండి. మీరయితే బాగుంటుంది" అంది.

ఎదురుగా ట్రే వస్తే మనిషి చెయ్యి దానంతటదే చాస్తుంది. సారు పట్టుకున్నాడు. ఆమె కోటు జేబుల్లోంచి గాజు పళ్లాలు తీసి మేడమ్ ముందు పేర్చింది.

"మేడమ్, గోడ మీద ఉన్నది ఆకు వలయం కాదు. వెల్లుల్లిది. మా ఇంటి మిక్సీ జారులో మిగిలిపోయింది. ఆ తప్పు నాది, జారు విప్పి చూడలేదు. ఇదిగో, ఆకు లేకుండా ఉత్త జారు నీళ్లతో చేసిన పళ్లెం. అదే వలయం."

సారు చేతిలో కప్పులు గలగలలాడాయట.

"జారు కడిగిందెవరు?" అంది మేడమ్.

"మా ఆయన మేడమ్."

మేడమ్ పెదవి బిగబట్టింది. పక్కనున్న ఇంకొకావిడ ఆపుకోలేక ఫక్కుమంది. మేడమ్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని చివరి పళ్లేన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది.

"మరి ఇదేమిటి? ఈ సన్నగా ఉన్నది?"

"అది ఆకుది మేడమ్. శుభ్రంగా చేసిన ప్రతిసారీ వచ్చింది."

"అంత పెద్దది చేతిలో ఉండగా, ఇంత చిన్నదాన్ని పట్టుకొచ్చావేమ్మా?"

"పెద్దది వెల్లుల్లిది మేడమ్. దాని సంగతి లోకానికెప్పుడో తెలుసు. ఈ చిన్నది ఎవరికీ తెలియదు. ఇది నాది."

పని ఆగలేదు. సీటు ఆమెదే, పని ఆమె పేరు మీదే. "ల్యాబులో మిక్సీ ఎందుకు లేదు?" అని మేడమ్ అడిగితే సారు ట్రే పట్టుకునే "చూద్దాం" అన్నాడట, అలవాటు కొద్దీ. "చూడటం కాదు, కొనండి" అందట మేడమ్. ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే ఆమె ఒకచోట నిలబడలేదు. వంటింటి నుంచి హాలుకు, హాలు నుంచి వాకిట్లోకి తిరుగుతూ చెప్పింది. ఆమె వెనకే చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని నేను. అంతా విన్నాక మా వాడు, "అంటే తప్పంతా నాదా?" అన్నాడు. "అయ్యో, లేదండీ. మీరు లేకపోతే అంత పెద్ద వలయం వచ్చేదా?" అంది. ఆ దెబ్బతో వాడికి బుద్ధొచ్చి, ఇప్పుడు రోజూ పొద్దున్నే జారు విప్పి, రబ్బరు రింగు తీసి మరీ కడుగుతున్నాడు.

ఇక మొదట్లో కోసిన కోతల సంగతి. ఆకు కనిపెట్టింది నేనన్నాను కదూ. మా ఆవిడ కనిపెట్టింది. మా ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకీ గాట్లకు పసరు రాసింది ఆవిడే. ఏ గాటుకు లేత ఆకు, దేనికి ముదురాకు అన్నది ఆవిడకే తెలుసు. ఆవిడ ఆకు కోస్తుంటే నేను కొమ్మ వంచి పట్టుకునేవాణ్ణి. ఈ శాస్త్రంలో నా వాటా ఆ కొమ్మే. కోడలికి ఇది చెబితే, "నాకు ముందే తెలుసు మావయ్యా, మీకు ఏ ఆకు ఏదో తెలిస్తే బస్‌షెడ్డు వెనక వేరే మొక్క ఎందుకు చూపిస్తారు మొదట? మీరు చెప్పిన కంపు పక్కదానికే ఉంది, దాన్ని కోసింది నేనే" అంది. ల్యాబు కాగితాల్లో గాటాకు ఎవరు చూపారో రాసే చోట అత్తగారి పేరే రాసింది.

ఇందులో నేను కల్పించింది ఏదని అడుగుతారు. సారు చేతిలో ట్రే పెట్టడమని అందరూ అనుకుంటారు. కాదు, అది అక్షరాలా నిజం. బల్లి కూడా కాదు. బల్లి నిజమే, దణ్ణం సంగతి దాన్నే అడగాలి. నేను కల్పించింది ఒక్కటే. మా వాడికి బుద్ధొచ్చి జారు కడుగుతున్నాడన్నది. వాడికి రాలేదు. ఇన్నాళ్లూ ఎవరూ లేవకముందే కడిగి బోర్లిస్తున్నది నేను. వాడే కడిగాడని కోడలు అనుకుంటుందని, ఇంట్లో శాంతిగా ఉంటుందని.

నిన్న ఆమె బోర్లించిన జారు చేతిలోకి తీసుకుని, నా తడిసిన చొక్కా చేతుల వైపు చూసింది. "మావయ్యా, రేపటి నుంచి మీరు ముట్టుకోకండి. నేనూ ముట్టుకోను. ఎవరూ కడక్కపోతే ఏమవుతుందో చూద్దాం. మా దగ్గర ఏమీ కలపని పళ్లెం ఒకటి ఎప్పుడూ పక్కన పెడతాం. అది లేకుండా ఏదీ తేలదు" అంది.

పొద్దుటి నుంచి వెల్లుల్లి జారు సింకులో అలాగే ఉంది. నేను గుమ్మం పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్నాను. ఆమె ల్యాబుకు వెళ్లిపోయింది, పాడుకుంటూ. మా వాడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఇదిగో, మళ్లీ చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఇది మాత్రం కల్పన కాదు.